ఆ ఇంజక్షన్ పనిచేసేదేనా? - కోవిడ్ మందులు, స్త్రీలు, తెలుసుకునే హక్కు

(మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ముందుగా ఒక మాట చెప్పాలి. నేను వైద్యురాలిని కాను. నా పేరు ముందున్న డాక్టర్ అనే మాట సమాజశాస్త్రంలో చేసిన పరిశోధన వల్ల వచ్చింది. మరి కోవిడ్ మందుల గురించి మాట్లాడే అర్హత నాకేముంది అని మీరు అడగొచ్చు. నన్నీ విషయంలోకి నెట్టింది మా అక్క వేసిన ప్రశ్న.

2021 ఏప్రిల్ చివర్లో మా బావని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. మూడో రోజుకి వెంటిలేటర్ మీద పెట్టారు. ఆ సాయంత్రం నర్సు చేతికో చీటీ ఇచ్చింది. రెమ్‌డెసివిర్ ఆరు సీసాలు తెచ్చుకోవాలని ఉంది అందులో. ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు. అక్క కొడుకు రాత్రంతా ఫోన్లు చేసి, ఎవరో దళారీని పట్టుకున్నాడు. సీసా ముప్పైవేలు. అక్క తన గాజులూ, అమ్మ పెట్టిన గొలుసూ తాకట్టు పెట్టింది. ఆరు సీసాలూ ఎక్కించారు. తొమ్మిదో రోజున బావ పోయారు.

నెలలు గడిచాక ఒకరోజు అక్క నన్ను అడిగింది: "నువ్వు చదువుకున్నదానివి కదా. ఆ ఇంజక్షన్ అసలు పనిచేసేదేనా? ఒకరోజు ముందు తెస్తే బతికేవాడా?" నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పటినుంచి చదవడం మొదలుపెట్టాను. ఇవాళ మీ ముందు చెప్పబోయేది ఆ చదువులో తెలుసుకున్నదే. మీరు పనిచేసే బస్తీల్లో, ఊళ్లలో ఇదే ప్రశ్నని మనసులో మోస్తున్న ఆడవాళ్లు ఎంతమంది ఉంటారో నాకన్నా మీకే బాగా తెలుసు.

"వేసుకున్నాడు, తగ్గింది" అంటే సరిపోతుందా?

కోవిడ్ వచ్చిన వాళ్లలో చాలామందికి ఏ మందూ వాడకపోయినా తగ్గిపోయింది. అంచేత ఒక మనిషి మందు వేసుకున్నాక కోలుకుంటే, అది మందు వల్లో, తనంతట తానే తగ్గిందో ఆ ఒక్క మనిషిని చూసి చెప్పలేం. దీన్ని తేల్చడానికి ఒకటే దారి. ఒకే స్థితిలో ఉన్న వందల, వేల మంది రోగుల్ని తీసుకోవాలి. చీటీలు తీసినట్టుగా, ఎవరి ఇష్టాయిష్టాలతో పనిలేకుండా, వాళ్లని రెండు గుంపులు చెయ్యాలి. ఒక గుంపుకి మామూలు చికిత్సతో పాటు కొత్త మందు, రెండో గుంపుకి మామూలు చికిత్స మాత్రమే ఇవ్వాలి. నెల తర్వాత రెండు గుంపుల్లోనూ ఎంతమంది బతికారో లెక్క చూడాలి. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. కావలసింది ఓపిక, నిజాయితీ, మనుషులు తెలిసి ఇచ్చిన అంగీకారం.

బ్రిటన్‌లో 2020 మార్చిలో మొదలైన 'రికవరీ' అనే పరిశోధన సరిగ్గా ఇదే చేసింది. ఆ ఏడాది జూన్ నాటికి మొదటి పెద్ద ఫలితం వచ్చింది. అది ఏ కొత్త మందు గురించీ కాదు. డెక్సామెథజోన్ అనే పాత స్టెరాయిడ్ గురించి. మన ఊరి మందుల షాపులో రూపాయల్లో దొరికే మందు అది. పేటెంట్ లేదు, ప్రకటనలు లేవు.

ఆ లెక్కలు జాగ్రత్తగా వినండి. వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్లో, డెక్సామెథజోన్ ఇవ్వని ప్రతి 100 మందిలో 41 మంది 28 రోజుల్లో చనిపోయారు. ఇచ్చినవాళ్లలో 29 మంది చనిపోయారు. అంటే నూటికి పన్నెండు ప్రాణాలు. ఆక్సిజన్ మాత్రమే అవసరమైన వాళ్లలో 26 మందికి బదులు 23 మంది. ఇక ఆక్సిజన్ కూడా అవసరం లేనివాళ్ల సంగతేమిటి? వాళ్లలో మందు ఇవ్వని గుంపులో 14 మంది పోతే, ఇచ్చిన గుంపులో 18 మంది పోయారు. ఈ తేడా మందు వల్లే అని ఖాయంగా చెప్పలేకపోయినా, మేలు లేదన్నది మాత్రం స్పష్టం, కీడు జరిగే అవకాశమూ ఉంది.

ఒకే మందు, ఒకే జబ్బు. ఒక దశలో ప్రాణం నిలిపింది, ఇంకో దశలో అక్కరకు రాలేదు. దీనికి కారణం ఉంది. మొదటి రోజుల్లో శరీరం వైరస్‌తో పోరాడుతుంటుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణుస్తుంది. తర్వాతి దశలో కొందరికి ఆ పోరాటమే అదుపు తప్పి సొంత ఊపిరితిత్తుల్నే దెబ్బతీస్తుంది. అప్పుడు దాన్ని అణచడం మేలు చేస్తుంది. "ఈ మందు మంచిదా చెడ్డదా" అనే ప్రశ్న సరిపోదని, "ఎవరికి, ఎప్పుడు, ఎంత" అని అడగాలని దీన్నుంచి మనం నేర్చుకోవాలి.

మన దగ్గర జరిగింది దీనికి విరుద్ధం. 2021లో జ్వరం వచ్చిన మొదటిరోజునుంచే స్టెరాయిడ్లు మింగినవాళ్లు ఎందరో. వాట్సాప్‌లో తిరిగిన చీటీ చూసి కొన్నవాళ్లున్నారు, ఆర్ఎంపీలు ఇస్తే వేసుకున్నవాళ్లున్నారు. ఆస్పత్రుల్లో మోతాదు మించి వాడిన సందర్భాలూ ఉన్నాయి. స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది. షుగరు జబ్బు ఇంతగా ఉన్న మన దేశంలో దాని పర్యవసానం బ్లాక్ ఫంగస్. ఆ ఏడాది మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజెయ్యాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రి నిండిపోయింది. జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు నమోదయ్యాయి. కన్ను తీసేసిన, దవడ తీసేసిన మనుషుల్ని ఇప్పటికీ సాకుతున్నది వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లే.

ఖరీదైన మందు, చవకైన మందు

ఇప్పుడు అక్క ప్రశ్నకి వస్తాను. రెమ్‌డెసివిర్ మీద అమెరికాలో మొదట జరిగిన పరిశోధనలో, కోలుకునే సమయం 15 రోజుల నుంచి 10 రోజులకి తగ్గిందని తేలింది. ఆ వార్తే ప్రపంచమంతా పాకింది. కానీ త్వరగా కోలుకోవడం వేరు, ప్రాణం దక్కడం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక దేశాల్లో జరిపిన 'సాలిడారిటీ' పరిశోధన 2020 అక్టోబరులోనే ఈ మందు ప్రాణాలు కాపాడుతున్న దాఖలా పెద్దగా లేదని చెప్పింది. నవంబరులో ఆ సంస్థ, ఆస్పత్రుల్లో చేరిన రోగులకి దీన్ని వాడొద్దని సూచించింది. మన దగ్గర అంగళ్ల ముందు వరసలు కట్టింది ఆ తర్వాత ఐదు నెలలకి!

2022లో వచ్చిన తుది లెక్క ఇది. వెంటిలేటర్ మీదికి వెళ్లినవాళ్లలో, రెమ్‌డెసివిర్ ఇచ్చినా ఇవ్వకపోయినా నూటికి నలభై మంది దాకా పోయారు. మేలు కనబడలేదు. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో మాత్రం కొద్దిపాటి మేలు ఉంది - నూటికి ఒకరిద్దరు. జబ్బు తొలిరోజుల్లో, ముప్పు ఎక్కువున్నవాళ్లకి, మూడు రోజులు ఎక్కిస్తే ఆస్పత్రి పాలయ్యే అవసరం బాగా తగ్గుతుందని ఇంకో పరిశోధన చెప్పింది. అంటే ఈ మందు పనికిరానిది కాదు. మనం దాన్ని ఎక్కువగా వాడింది అది పనిచెయ్యని చోట, పనిచెయ్యని దశలో.

2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం దీని ధర తగ్గించేలా కంపెనీల్ని ఒప్పించింది. సీసా 899 రూపాయల నుంచి 3,490 రూపాయల దాకా ఉండాలన్నారు. ఆ ధరకి మా అక్కకి దొరకలేదు. ఎంతమందికి దొరికిందో మీరే చెప్పాలి. రోగి బంధువు చేతికి చీటీ ఇచ్చి పొమ్మనడంలో ఒక మర్మం ఉంది. మందు తేలేకపోతే తప్పు ఇంటివాళ్లది అవుతుంది. తెచ్చినా మనిషి పోతే, "ఆలస్యంగా తెచ్చారు" అవుతుంది. రెండు విధాలా వైద్య వ్యవస్థ బాధ్యత నుంచి తప్పుకుంటుంది. "ఒకరోజు ముందు తెస్తే బతికేవాడా" అని మా అక్క తన్ను తాను శిక్షించుకోవడం వెనక ఉన్నది ఇదే.

మిగతా మందుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కోలుకున్నవాళ్ల ప్లాస్మా కోసం ఎంత తిరిగామో గుర్తుందా? మన ఐసీఎంఆర్ సంస్థే 39 ఆస్పత్రుల్లో 464 మంది రోగులతో పరిశోధన జరిపి, ప్లాస్మా వల్ల జబ్బు ముదరడమూ ఆగలేదు, చావులూ తగ్గలేదని 2020లోనే ప్రకటించింది. అయినా చికిత్సా సూచనల్లోంచి దాన్ని తీసేసింది 2021 మేలో. ఐవర్‌మెక్టిన్ అద్భుతమని చెప్పిన ఒక ప్రధాన పత్రాన్ని, దాని లెక్కల మీద అనుమానాలు రావడంతో 2021 జూలైలో వెనక్కి తీసుకున్నారు. తర్వాత బ్రెజిల్‌లో పద్ధతిగా జరిగిన పెద్ద పరిశోధనలో మేలు తేలలేదు. మాత్ర 103 రూపాయల ధరతో 2020 జూన్‌లో మార్కెట్లోకి వచ్చిన ఫావిపిరావిర్‌దీ ఇంచుమించు ఇదే కథ.

నిజంగా పనిచేసినవీ ఉన్నాయి. తీవ్ర స్థితిలో ఉన్నవాళ్లకి స్టెరాయిడ్‌తో పాటు టోసిలిజుమాబ్ ఇస్తే, నూటికి 35 మరణాలు 31కి తగ్గాయి. కానీ ఒక్క డోసుకే వేలకి వేలు. బారిసిటినిబ్ అనే మాత్ర కూడా ప్రాణాలు కాపాడింది. దీని పేటెంట్ విదేశీ కంపెనీది. 2021 మేలో హైదరాబాద్‌కి చెందిన నాట్కో కంపెనీ తప్పనిసరి లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టాకే, ఆ విదేశీ కంపెనీ రాయల్టీ లేకుండా ఇక్కడి కంపెనీలకి వరసగా అనుమతులిచ్చింది. చట్టం మన చేతిలో ఉందని గుర్తుచేస్తే ధరలు దిగుతాయనడానికి ఇదో ఉదాహరణ. ఇంటి దగ్గరే వాడే పాక్స్‌లోవిడ్ మాత్రలు, టీకా వేసుకోని, ముప్పు ఎక్కువున్న పెద్దవాళ్లు ఐదు రోజుల్లోపు మొదలుపెడితే ఆస్పత్రి పాలవడాన్నీ మరణాలనీ దాదాపు ఎనిమిదో వంతుకి దించాయి. టీకాలు వేసుకున్నవాళ్లలో అంత మేలు కనిపించలేదు. బీపీకీ, గుండెకీ, మూర్ఛకీ వాడే కొన్ని మందులతో ఈ మాత్రలకి పడదు కూడా.

ఈ లెక్కల్లో స్త్రీలెక్కడ?

ఇంతవరకూ నేను రోగి అన్నాను. కొంచెం ఆగి, ఆ రోగి ఎవరని అడుగుదాం.

2020 మార్చి 23న ఐసీఎంఆర్ ఆరోగ్య కార్యకర్తలకి ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకొమ్మని సలహా ఇచ్చింది. మే నెలలో ఆ జాబితా మరింత పెరిగింది. అప్పటికి అది కోవిడ్‌ని ఆపుతుందన్న గట్టి రుజువు లేదు. జూన్‌కల్లా రికవరీ పరిశోధన ఆస్పత్రి రోగుల్లో దానివల్ల లాభం లేదని తేల్చింది - వేసుకున్నవాళ్లలో నూటికి 27 మరణాలు, వేసుకోనివాళ్లలో 25. మన జాతీయ సూచనల్లోంచి అది పోయింది మాత్రం 2021 సెప్టెంబరులో. ఇంతలో ఏమైంది? ఆ మాత్రతోనే రోజులు వెళ్లదీస్తున్న లూపస్ రోగులకీ, కీళ్లవాతం రోగులకీ షాపుల్లో మాత్రలు దొరకలేదు. లూపస్ రోగుల్లో పదింట తొమ్మిదిమంది ఆడవాళ్లే. ఒక మందు ఎవరికి పనిచేస్తుందో రుజువైన చోట నుంచి లాగేసి, రుజువు కాని చోటికి తరలించారు. దాని బరువు మళ్లీ స్త్రీల మీదే పడింది.

గర్భిణుల మాటకొస్తే, చాలా మందుల, టీకాల పరిశోధనల్లో వాళ్లని మొదటే పక్కనపెట్టారు. రక్షణ కోసమే అన్నారు. కానీ దాని ఫలితం, జబ్బు వచ్చినప్పుడు వాళ్లకి ఏం ఇవ్వాలో ఎవరికీ తెలియకపోవడం. మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలైతే, గర్భిణులకి అనుమతి వచ్చింది జూలై 2న. మధ్యలో రెండో విడత ఉప్పెన వచ్చి వెళ్లిపోయింది. ఇలా కాక ఇంకోలా చెయ్యలేమా? చెయ్యొచ్చు. రికవరీ పరిశోధనలో గర్భిణుల్ని చేర్చుకున్నారు. డెక్సామెథజోన్ మాయని దాటి బిడ్డకి చేరుతుంది కాబట్టి వాళ్లకి ప్రెడ్నిసొలోన్ వంటి వేరే స్టెరాయిడ్ ఎంచుకున్నారు. మనసుంటే మార్గం ఉందన్నమాట.

మోల్నుపిరావిర్ సంగతి దీనికి రెండోవైపు. 2021 డిసెంబరులో మన దేశంలో అత్యవసర అనుమతి వచ్చింది. ఐదురోజుల కోర్సు 1,400 రూపాయలకే దొరికింది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో పిండానికి హాని కనిపించింది కాబట్టి గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. పిల్లల్ని కనే వయసున్న స్త్రీలు వాడేటప్పుడు గర్భం రాకుండా చూసుకోవాలి. మగవాళ్లు కూడా మూడు నెలల దాకా జాగ్రత్తపడాలన్నారు! ఐసీఎంఆర్ ఈ భయాలతోనే జాతీయ సూచనల్లో దాన్ని చేర్చలేదు. కానీ మందు అంగట్లోకి వచ్చేసింది. మన మందుల షాపుల్లో "నెల తప్పిందా అమ్మా" అని అడిగి ఇచ్చేవాళ్లెవరు? మగవాడికి ఈ జాగ్రత్త చెప్పేదెవరు? పోనీ మేలైనా అంతుందా అంటే, బ్రిటన్‌లో టీకాలు వేసుకున్న పాతికవేల మందికి పైగా వ్యక్తులతో జరిగిన పరిశోధనలో ఆస్పత్రి పాలవడమూ, మరణాలూ తగ్గలేదు. త్వరగా కోలుకున్నారు, అంతే.

మన ఉద్యమ అనుభవం ఏం చెబుతోంది?

స్త్రీల ఉద్యమానికి మందుల ప్రయోగాలంటే అనుమానం ఉండటం సహజం. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజక్షన్ కోసం పేద స్త్రీలని పోగుచేస్తే, అది ప్రయోగమన్న సంగతే వాళ్లకి తెలియదు. స్త్రీ శక్తి సంఘటన నిలదీసింది, 1986లో ఇతర సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, హాస్టళ్లలోని పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో అది ఆగింది. 2013లో పార్లమెంటరీ కమిటీ దాన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

ఆ పోరాటాలు సరైనవే. కానీ కోవిడ్ మన ముందు ఇంకో ప్రశ్న పెట్టింది. మనల్ని అడక్కుండా ప్రయోగం చెయ్యడం ఒక అన్యాయమైతే, ఏ రుజువూ లేని మందుని లక్షలమందికి అమ్మడం ఏమిటి? అదీ ప్రయోగమే. కాకపోతే లెక్క రాసేవాళ్లు లేని ప్రయోగం, ఖర్చు రోగే పెట్టుకునే ప్రయోగం. అంచేత "ప్రయోగాలు వద్దు" అనడంతో మనం ఆగలేం. మాకు తెలిసేలా చెప్పి, మా అంగీకారంతో, మమ్మల్ని లెక్కలో చేర్చి, ఫలితాల్ని మా భాషలో మాకు చెప్పే పరిశోధన కావాలని అడగాలి.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది బారులు తీరారు. మన చదువుకున్న మిత్రులు చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అక్కడ మందు ఉచితం, ఇచ్చేవాడు ఊరివాడు. ఇటు చూస్తే కార్పొరేట్ ఆస్పత్రి లక్షల బిల్లు వేసి, రుజువు లేని ప్లాస్మా తెమ్మంటోంది. అయినా ఆ మందు విషయంలోనూ ప్రశ్న అదే. పరిశీలించినవాళ్లు హాని కనిపించలేదన్నారు, జబ్బు తగ్గిస్తుందన్న రుజువు మాత్రం లేదన్నారు. మే 31న ప్రభుత్వం కొన్ని రకాలకి అనుమతి ఇచ్చింది, కంటి చుక్కలకి ఇవ్వలేదు. హాని లేకపోవడమూ, పనిచెయ్యడమూ ఒకటి కాదు. పేదవాళ్ల మందైనా, ధనవంతుల మందైనా ఒకే తూనికరాయితో తూచాలి.

మనం చెయ్యగలిగింది

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. జబ్బు పూర్తిగా పోలేదు. ఇంకో కొత్త జబ్బు రాదన్న హామీ లేదు. ఈసారి చేతికి చీటీ ఇచ్చినప్పుడు అడగడానికి మన స్త్రీలకి నాలుగు ప్రశ్నలు నేర్పుదాం. ఈ మందు ప్రాణం నిలుపుతుందా, లేక జబ్బు రోజులు తగ్గిస్తుందా? మా మనిషి ఇప్పుడున్న దశలో ఇది పనిచేస్తుందని తేలిందా? వంద మందికి ఇస్తే ఎంతమందికి మేలు, ఎంతమందికి కీడు? ఇంతకన్నా చవకగా, ఇంతే పనిచేసేది ఉందా? డాక్టరుతో దెబ్బలాడమని కాదు. అడిగితే చెప్పాల్సిన బాధ్యత వాళ్లకుంది. మందు తేవాల్సిన బాధ్యత ఆస్పత్రిది, రోగి కొడుకుది కాదు అని కూడా గట్టిగా చెబుదాం. సంఘాలుగా మనం ప్రభుత్వాన్ని అడగాల్సింది - చికిత్సా సూచనలు మారినప్పుడల్లా అవి తెలుగులో, ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీద ఉండాలి. ఆశా కార్యకర్తకి మాత్రల సంచీతో పాటు ఆ మాత్రల గురించిన సమాచారమూ ఇవ్వాలి.

చివరగా మా అక్క మాట. పోయినేడు వెళ్లినప్పుడు ఆమెకి అంతా చెప్పాను. వెంటిలేటర్ మీదికి వెళ్లాక ఆ ఇంజక్షన్ వల్ల మేలు లేదని, ఒకరోజు ముందు తెచ్చినా, రెండు రోజులు ముందు తెచ్చినా బావ విషయంలో తేడా ఉండేదని చెప్పలేమని, అది తన తప్పు కాదని. అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఈ సంగతి అప్పటికే తెలుసా వాళ్లకి?" అని అడిగింది. తెలుసు అన్నాను. "మరి మాకెందుకు చెప్పలేదు?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. దాన్ని మీ ముందు పెట్టడానికే వచ్చాను.